అక్షరమూ, ఆస్తిహక్కూ

లైసెన్సు అనే మాటను తెలుగులో అనుమతి అంటున్నాము. పాత హైదరాబాదు రాజ్యంలో పెరిగిన మా పెద్దలు దానినే ఇజాజత్ అనేవారు. సభ పెట్టుకోవాలంటే ఇజాజత్, ఖాన్గీ బడి నడపాలంటే ఇజాజత్. గస్తీ నిషాన్ 53 అన్న మాట తెలంగాణ చరిత్ర చదివిన విద్యార్థులకు కొత్త కాదు. అనుమతి యివ్వగలవాడు దానిని నిరాకరించనూ గలడు. కనుక ఏ అనుమతిపత్రాన్ని చదివినా అది మనకు ఏమి యిస్తున్నదని మాత్రమే గాక, యిచ్చే అధికారాన్ని ఎవరి చేతిలో వుంచుతున్నదని కూడా అడగవలసి వుంటుంది. యీ వ్యాసంలో నేను చర్చించదలచింది కంప్యూటరు సాఫ్ట్‌వేరుకు దాని యజమాని యిచ్చే అనుమతిని గురించి. తెలుగు ఎం.ఏ. చదివి, డిగ్రీ కళాశాలలో పద్యమూ గద్యమూ చెప్పుకొనే నావంటివానికి యీ విషయంతో పని ఏమిటని మిత్రులు కొందరు అడిగారు. తెలుగు రాయడం, అచ్చువేయడం, దాచడం యీనాడు సాఫ్ట్‌వేరుతోనే జరుగుతున్నాయి. రాసే సాధనం ఎవరి ఆస్తి అన్న ప్రశ్నను ఇంజనీర్లకు వదిలిపెట్టి సాహిత్యకారులు తప్పుకోవడానికి వీలులేదు.

ముందుగా రెండు మాటలను విడమరచి చెప్పుకోవాలి. ప్రోగ్రాములు రాసేవారి పరిభాషలో లైబ్రరీ అంటే పుస్తకాల బీరువాలుండే గ్రంథాలయం కాదు. ఒక పనిని ఎలా చేయాలో ఒకసారి రాసిపెట్టి, యితర ప్రోగ్రాములన్నీ అవసరమైనప్పుడు పిలుచుకొనేటట్లు అమర్చిన భాగానికి ఆ పేరు. ఇల్లు కట్టే మేస్త్రీ ఇటుకలు తానే కాల్చుకోడు, బట్టీనుంచి తెచ్చుకుంటాడు. లైబ్రరీ అటువంటి ఇటుకబట్టీ. రెండవ మాట మూలం. దానినే సోర్సు కోడు అంటారు. మనిషి చదివి, అర్థం చేసుకొని, దిద్దగలిగిన రూపం అది. యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపం వేరు. వ్యాపార లైసెన్సు సాధారణంగా యీ యంత్రరూపాన్ని మాత్రమే చేతికిచ్చి, వాడుకో, విప్పిచూడకు, ఇంకొకరికి యివ్వకు అంటుంది. ఓపెన్ సోర్స్ లైసెన్సు మూలాన్నే యిచ్చి, చదువు, దిద్దు, పంచు అంటుంది.

గద్వాల ప్రాంతపు చదువరికి యీ తేడా చెప్పడానికి కంప్యూటరు దాకా పోనక్కరలేదు. నడిగడ్డలో సీడ్ పత్తి వేసే ప్రతి కుటుంబానికీ అది చేతులారా తెలిసినదే. కంపెనీ యిచ్చిన ఆడ, మగ విత్తనాలను వేరువేరుగా వేస్తారు. సాయంత్రం ఆడమొక్కల మొగ్గలు విప్పి కేసరాలు తీసివేస్తారు. మరునాటి ఉదయం మగపువ్వు తెచ్చి అద్దుతారు. పువ్వు పువ్వుకూ ఒక చేయి తగలాలి. వాటిలో ఎక్కువభాగం ఆడవాళ్ల చేతులు. ఇంత శ్రమతో తయారైన విత్తనం శ్రమించినవారిది కాదు. ఆ హైబ్రిడ్ విత్తనాన్ని కొని వేసుకున్న రైతు తన పంటనుంచి గింజలు దాచుకొని మళ్లీ వేసినా అదే గుణం నిలవదు. కనుక ఏటేటా కొనవలసిందే. తల్లివిత్తనం కంపెనీ గిడ్డంగిలో వుంటుంది. సాఫ్ట్‌వేరులో మూలం అంటే యీ తల్లివిత్తనమే.

ఇక యీ ప్రశ్న నా దగ్గరికి ఎలా వచ్చిందో చెబుతాను. నాది నాగర్‌కర్నూల్ వైపు పల్లె, కాపురం వనపర్తి, ఉద్యోగం గద్వాల. నేను బస్సుల్లో తిరిగే యీ మూడు జిల్లాల పల్లెలలో మా విద్యార్థులు కొన్నేళ్లుగా నాట్లపాటలు, బొడ్డెమ్మపాటలు, మోటపాటలు సేకరిస్తున్నారు. ఆ సంగతి తెలిసి, పదవీవిరమణ చేసిన తెలుగు పండితులొకరు తమ జీవితకాలపు సేకరణను మాకు అప్పగించారు. వారి చేతిరాత కాగితాలు 2009 అక్టోబరు నాటి తుంగభద్ర వరదలో పోయాయి. అంతకు ముందే డీటీపీ దుకాణంలో టైపు చేయించి పెట్టుకున్న సీడీ ఒక్కటే మిగిలింది. ఆ పాటలు పాడినవారిలో చాలామంది యిప్పుడు లేరు. సీడీ పెట్టాము. ఫైలు తెరుచుకున్నది. కాని తెరమీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, ఆశ్చర్యార్థకాలూ, డాలరు గుర్తులూ కలిసిన బూడిదకుప్ప కనిపించింది.

ఇందులో మాయ ఏమీ లేదు. ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడి సంకేతపట్టిక అయిన యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అక్కడ మన లిపికి 128 గడులు కేటాయించారు. కాని ఆ పద్ధతి మన దుకాణాలకు చేరేదాకా, చాలాచోట్ల చేరిన తరువాత కూడా, అచ్చుపని అంతా వ్యాపార ఫాంట్లమీదనే నడిచింది. ఆ ఫాంట్లు తలకట్టునూ, కొమ్మునూ, వొత్తునూ విడివిడి ముక్కలుగా చేసి, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గడులలో కూర్చోబెట్టాయి. ఏ ముక్కను ఏ గడిలో పెట్టాలన్నది ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క విధంగా నిర్ణయించుకున్నది. ఆ ఫాంటు వుంటే అది తెలుగు, లేకపోతే బూడిద. ఎవరూ పట్టించుకోని రోజుల్లో తెలుగును తెరమీదికి తెచ్చి, వేలమందికి టైపుపని కల్పించినవి యీ కంపెనీలేనన్న మాట నిజమే. దానిని కాదనడం చరిత్రకు అన్యాయం. కాని ఆ మేలుకు కట్టిన ధర సామాన్యమైనది కాదు. మాకు దొరికిన ఫైలుకు కావలసిన సాఫ్ట్‌వేరు, కంప్యూటరుకు ఒక తాళం పరికరాన్ని తగిలిస్తేగాని పనిచేయదు. ఆ తాళం వున్న దుకాణం మూతపడి చాలాకాలమైంది. పాట పాడింది కూలితల్లి. సేకరించింది పల్లెటూరి పంతులు. టైపు చేసింది రోజుకూలీ కుర్రవాడు. చదవడానికి ఇజాజత్ మాత్రం వీరెవరి చేతిలోనూ లేదు.

మా కళాశాలలో బి.యస్సీ. కంప్యూటర్స్ చదివే విద్యార్థి ఒకడు యీ ముడి విప్పడానికి పూనుకున్నాడు. ఏ గడిలో ఏ ముక్క వున్నదో పట్టిక వేసి, దానిని యూనికోడులోకి మార్చే చిన్న లైబ్రరీ రాశాడు. అతడు శూన్యంనుంచి మొదలుపెట్టలేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జునగారు, వార్తాపత్రికలు తమ తమ సొంత ఫాంట్లలో పెడుతూ వచ్చిన తెలుగును యూనికోడులోకి మార్చడానికి ‘పద్మ’ అనే సాధనాన్ని రాశారు. దానిని జీపీఎల్ అనే లైసెన్సుమీద మూలంతోసహా విడుదల చేశారు. ఆ మూలాన్నే ఆధారం చేసుకొని వీవెన్‌గారు ‘లేఖిని’ని తయారుచేశారు. ఇంగ్లీషు మీటలు నొక్కి తెలుగు రాసుకొనే ఆ లేఖినితోనే ఎందరో తెలుగువారు మొదటిసారి తెరమీద తమ భాష రాసుకున్నారు. మా విద్యార్థి కూడా పద్మ మూలాన్నే తెచ్చుకొని, తనకు కావలసిన పట్టికను అందులో చేర్చాడు. నాలుగు నెలల రాత్రులు పట్టింది. పాటలు బయటపడ్డాయి. కొన్నిచోట్ల వొత్తులు తారుమారైనా, పాటను పాటగా చదువుకోగలిగాము.

అప్పుడు అసలు సమస్య వచ్చింది. యీ మూడు పట్టణాల దుకాణాలలోనూ, చిన్న పత్రికల ఆఫీసులలోనూ యిటువంటి పాత ఫైళ్లు గుట్టలుగా వున్నాయి. ఒక దుకాణదారు మా విద్యార్థికి కబురుచేసి, ప్రోగ్రామును తనకొక్కడికే యిస్తే డబ్బు యిస్తానన్నాడు. గణితం చెప్పే మా సహోద్యోగి ఒకరు, దీనిని అందరికీ ఉచితంగా యివ్వవలసిందేనని పట్టుబట్టారు. ఆయన మాట్లాడిన తీరు మహాసభలో తీర్మానం ప్రతిపాదించినట్లుంది. విద్యార్థి అంతా విని నాతో అన్నాడు: “సార్, మా అమ్మ సీడ్ పత్తిల క్రాసింగ్ జేస్తె కూలి ఇస్తరు. నేను నాలుగు నెల్లు నిద్ర లేకుండ రాస్తె ఉత్తగనే ఇయ్యాలంటరు. గిదేం నాయం సార్?”

యీ ప్రశ్నను తేలికగా తోసివేసే హక్కు అభ్యుదయవాదులకు లేదు. శ్రమకు విలువ కట్టాలని లోకానికి చెప్పే మనం, పల్లెటూరి విద్యార్థి శ్రమ దగ్గరికి వచ్చేసరికి త్యాగాన్ని గురించి ఉపన్యసించడం కుదరదు. ఓపెన్ సోర్స్ చరిత్రలోనే దీనికి గట్టి సాక్ష్యం వుంది. ఇంటర్నెట్టులో రహస్యంగా సాగవలసిన వ్యవహారాలను కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే లైబ్రరీని ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలు వాడుకున్నాయి. 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే ప్రమాదకరమైన లోపం బయటపడింది. దానిని కనిపెట్టుకొనివున్నవారు కొద్దిమందేననీ, వారికి విరాళాలుగా అందుతున్నది ఏటా సుమారు 2,000 డాలర్లేననీ లోకానికి అప్పుడు తెలిసింది. కోట్లమంది నడిచే వంతెనకు కాపలావాడు వున్నాడు గాని, అతనికి జీతం లేదు. మూలం తెరిచినంతమాత్రాన దోపిడీ పోదు.

అయితే యిక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. శ్రమకు కూలి ఎవరు యివ్వాలన్నది ఒకటి. మూలానికి తాళం వేయవచ్చునా అన్నది రెండవది. తాళం లేకపోతే కూలి లేదని చెప్పి యీ రెండింటినీ ఒకటిగా చూపించడంలోనే వ్యాపార లైసెన్సు నేర్పంతా వుంది. హైదరాబాదు కంపెనీలలో జీతానికి ప్రోగ్రాములు రాసే మా పూర్వవిద్యార్థులను చూడండి. వారు రాసిన ప్రతి పంక్తీ కంపెనీ ఆస్తి. ఉద్యోగం వదిలిననాడు అందులో ఒక్క పంక్తిని కూడా వెంట తీసుకుపోలేరు. తాళంచెవి రాసినవాని చేతిలో వుండదు.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ కార్యక్రమాన్ని ప్రకటించి, 1989లో జీపీఎల్ మొదటి పాఠాన్ని వెలువరించినప్పుడు ధరను నిషేధించలేదు. జీపీఎల్ ప్రకారం ప్రోగ్రామును అమ్ముకోవచ్చు. తీసుకున్నవానికి మూలం యివ్వకుండా దాచడం, అతడు ఇంకొకరితో పంచుకోకుండా అడ్డుపడడం మాత్రం కుదరదు. ఎవరైనా దానిని దిద్ది పంచదలిస్తే, దిద్దిన రూపాన్ని కూడా అదే షరతుమీద పంచాలి. ఇంతకంటె ఉదారంగా కనిపించే ఎంఐటీ, బీఎస్‌డీ వంటి లైసెన్సులు వున్నాయి. కర్త పేరునూ, లైసెన్సు పాఠాన్నీ నిలిపివుంచితే చాలు. తీసుకున్నవాడు తన మార్పులకు తాళం వేసి అమ్ముకున్నా అవి అడగవు. ఈ రెంటికీ నడుమ, ముఖ్యంగా లైబ్రరీలకోసమే, 1991లో ఎల్‌జీపీఎల్ పుట్టింది. దాని ప్రకారం లైబ్రరీలో చేసిన మార్పులను తెరిచి యివ్వాలి. లైబ్రరీని పిలుచుకొనే ప్రోగ్రామును మాత్రం మూసి వుంచుకోవచ్చు. మరికొందరు ఒకే లైబ్రరీకి రెండు లైసెన్సులు పెడతారు. నార్వేలో పుట్టిన క్యూట్ లైబ్రరీ ఒకప్పుడు అనుసరించిన పద్ధతి అది: తెరిచి పంచేవారికి జీపీఎల్, మూసి అమ్మదలచినవారికి రుసుముమీద వ్యాపార లైసెన్సు. మొత్తం మూలంమీద హక్కు తనదే అయినవాడు మాత్రమే యీ పని చేయగలడు.

ఇవన్నీ న్యాయవాదుల సూక్ష్మాలని తోచవచ్చు. కాని తెలుగు అక్షరానికే యీ తేడా ఎలా తగిలిందో చూడండి. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పుతో వస్తే చాలు, దానిని చూపించబోయిన అప్లికేషను కుప్పకూలేది. ప్రపంచ పత్రికలు దీనిని వేడుకగా రాసుకున్నాయి. తప్పు మన అక్షరానిది కాదు, అక్షరాన్ని తెరమీద కూర్చే సాఫ్ట్‌వేరుది. ఆ మూలం మూసివున్నది. ఫిబ్రవరి 19న కంపెనీ సవరణ విడుదల చేసేదాకా, తెలుగూ ప్రోగ్రాములూ రెండూ తెలిసినవారు కూడా మూలం తెరిచి దిద్దే దారిలేక కూర్చున్నారు. ఇదే పనిని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, ఫైర్‌ఫాక్సులోనూ, లిబ్రేఆఫీసులోనూ హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తున్నది. హర్ఫ్ అంటే అక్షరమని మా ప్రాంతంలో ఉర్దూ వాసన తగిలినవారందరికీ తెలుసు. బాజ్ అంటే ఫారసీలో తెరిచినది అని అర్థం. ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ ప్రధానంగా నిర్మించిన యీ లైబ్రరీ ఎంఐటీ తరహా లైసెన్సుమీద వున్నది. ఫారసీ, అరబ్బీ, తెలుగు అన్నీ ఆ ఒక్క బట్టీనుంచే వస్తున్నాయి. అందులో ఒక తెలుగు వొత్తు తప్పుగా వస్తే, గద్వాల విద్యార్థి కూడా మూలం తెరిచి తన ప్రతిలో దిద్దుకోవచ్చు. ఆ సవరణను అందరికోసం పంపవచ్చు. దానికి ఎవరి ఇజాజతూ అక్కరలేదు.

అయినా హార్ఫ్‌బజ్ నిర్మాణానికి పనిచేసినవారికి జీతాలిచ్చినవి రెడ్‌హ్యాట్, గూగుల్ వంటి కంపెనీలేనని మరచిపోరాదు. మా గద్వాల సంస్థానం పండితులకు వార్షికాలు యిచ్చి విద్వద్గద్వాల అన్న పేరు తెచ్చుకున్నది. పద్యం అందరిదీ అయింది. వార్షికం మాత్రం రైతు కట్టిన శిస్తునుంచి వచ్చింది. ప్రభువుకు యిష్టమైనంతకాలమే వచ్చింది. నేటి కంపెనీల పోషణ కూడా అటువంటిదే. వాటి అవసరం తీరిననాడు చేయి వెనక్కు తీసుకుంటాయి. కాని చేయి తీసిన తరువాత మూలం మిగులుతుందా లేదా అన్నది లైసెన్సు నిర్ణయిస్తుంది. తెరిచిన లైసెన్సు వుంటే బట్టీ మనకు మిగులుతుంది. దానిని మండించే కట్టెలు సమాజం సమకూర్చుకోవాలి.

ఇక్కడ మన ప్రాంతపు పెద్ద పేరొకటి స్మరించుకోవాలి. ఇటిక్యాలపాడు వాస్తవ్యులు, 1952లో వనపర్తినుంచి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డిగారు, తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించి 354 మంది కవులను లోకానికి చూపించారు. తొంభై ఏళ్లు గడిచినా ఆ సంచికను చేతిలోకి తీసుకొని చదవడానికి ఎవరి తాళంచెవీ అక్కరలేదు. కాగితం పసుపుబారినా అక్షరం అక్షరంగానే వుంది. ఆయన 1953లో మరణించారు. మన చట్టం రచయిత తదనంతరం 60 ఏళ్లదాకా హక్కును వుంచి, తరువాత రచనను ప్రజలకు వదులుతుంది కనుక, ఆంధ్రుల సాంఘిక చరిత్ర 2014నుంచి అందరి సొత్తు. రచయిత హక్కుకు చట్టం గడువు పెట్టింది. తాళం పరికరానికి మాత్రం క్యాలెండరు తెలియదు. సురవరం వారి పేరుతోనే యీనాడు ఒక తెలుగు ఫాంటు వుంది. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్సుమీద అందించిన ఫాంట్లలో అది ఒకటి. ఎవరైనా వాడుకోవచ్చు, దిద్దవచ్చు, పంచవచ్చు. ఫాంటును విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు. ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టుకొనే అర్హత యిటువంటి ఫాంటుకే వుందని నా అభిప్రాయం.

మా విద్యార్థి, గణితం మాస్టారు, నేను కూర్చుని యివన్నీ మాట్లాడుకున్నాము. అతడు పద్మ మూలాన్ని వదిలివేసి మొదటినుంచి తానే రాసుకుంటే తాళం వేసి అమ్ముకోవచ్చు. చట్టానికి అభ్యంతరం లేదు. పద్మమీద కట్టినదానిని ఇంకొకరికి యివ్వాలంటే మాత్రం జీపీఎల్‌మీద మూలంతోసహా యివ్వాలి. “పద్మ రాసిన సారు గిట్ల తాళమేసుకుంటె నా పని మొదలే కాకపోవు గద సార్” అని అతడే అన్నాడు. చిన్న లైబ్రరీకి జీపీఎల్ పెడితే కంపెనీలు ముట్టుకోవు, ఎంఐటీ అయితే త్వరగా వ్యాపిస్తుందని కొందరు వాదిస్తారు. హార్ఫ్‌బజ్ వంటిదానికి ఆ వాదం చెల్లుతుంది. అక్షరం ప్రతి ఫోనులోనూ సరిగా కనిపించడమే అక్కడ ముఖ్యం. మా లైబ్రరీ పని వేరు. అది మూసివున్న గదికి చేసిన మారు తాళంచెవి. ఆ చెవిని ఎవరో తీసుకొని మెరుగుపెట్టి, మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వేస్తే మన పాటలు మొదటి స్థితికే వస్తాయి. అటువంటి పనిముట్టుకు తిరిగి యిచ్చే షరతు తప్పదు.

లైబ్రరీని జీపీఎల్‌మీదనే బయటపెట్టాడు. పాత ఫైళ్లు తెచ్చినవారికి వాటిని మార్చి, తప్పులు దిద్దియిచ్చి, పుట లెక్కన కూలి తీసుకుంటున్నాడు. గణితం మాస్టారు మొదట గొణిగారు. తరువాత తమ పాత వ్యాసాలు మార్పించుకొని ఆ కూలి చెల్లించారు. ఇది సంపూర్ణ పరిష్కారమని నేను అనను. రేపు మరొక దుకాణం అదే లైబ్రరీని తీసుకొని తక్కువ ధరకు పనిచేయవచ్చు. నాలుగు నెలల రాత్రులకు యింకా లెక్క తేలలేదు. ఆ లెక్క తేల్చవలసిన బాధ్యత అతడొక్కడిది కాదు.

అందుకే మన రచయితలూ, కళాశాలలూ మూడు విషయాలు పట్టించుకోవాలని కోరుతున్నాను. మొదటిది, విశ్వవిద్యాలయం గాని, అకాడమీ గాని, ప్రభుత్వశాఖ గాని ప్రజల డబ్బుతో చేయించిన ఫాంటు, నిఘంటువు, లైబ్రరీ ఏదైనా మూలంతోసహా ప్రజలకే చెందాలి. చేసినవారికి పూర్తి వేతనం చెల్లించాలి. ప్రభుత్వ కార్యాలయాలలో ఓపెన్ సోర్సుకు ప్రాధాన్యమివ్వాలని కేంద్రప్రభుత్వం 2015లోనే విధానం ప్రకటించింది. ప్రకటనకూ ఆచరణకూ మధ్య దూరాన్ని తగ్గించేది అడిగేవారి గొంతే. రెండవది, మన పత్రికలూ ప్రచురణలూ ముద్రణకు ఏ ఫాంటు వాడినా, యూనికోడు ప్రతి ఒకటి తప్పక దాచాలి. మూడవది, తెలుగు విద్యార్థికి ఛందస్సుతోపాటు లైసెన్సు చదవడం కూడా నేర్పాలి. సీసపద్యాన్ని గణాలుగా విడదీయగలవాడు నాలుగు షరతుల పత్రాన్ని విడదీయలేడా?

మన లిపి ఎవరి లైసెన్సుమీదా మనకు రాలేదు. శాసనాలు చెక్కినవారూ, తాటాకుమీద గంటం నడిపినవారూ, సీసపు అక్షరాలు పోతపోసినవారూ దిద్దుకుంటూ పంచుకుంటూ వచ్చినది మన చేతికి అందింది. ఆ పనివాళ్లలో చాలామందికి కూలి సరిగా అందలేదన్నది కూడా ఆ చరిత్రలో భాగమే. కనుక మనం కోరవలసినవి రెండు: తల్లివిత్తనం వూరి గాదెలో వుండాలి, విత్తనం చేసిన చేతికి కూలి అందాలి. ఒకదానికోసం రెండవదాన్ని వదులుకొమ్మనే ఏ బేరానికీ మనం ఒప్పుకోనక్కరలేదు.